పద్దెనిమిదో బాణం

10 ఫిబ్రవరి 2004, మంగళవారం

నాగసతీష్ పోయాడు. అంటే బతికే ఉన్నాడు, విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం. పోతూ పోతూ నీళ్ళ వంతుల ప్రోగ్రాం నా నెత్తిన పెట్టి, "అంతా క్లియర్‌గానే ఉంటుంది కనకం గారూ, మీకేం కష్టం ఉండదు" అన్నాడు. ఇవాళ తెరిచి చూశాను. సంత అయిపోయిన మర్నాడు సంత వీధి ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇకపై ఆఫీసులో మిగిలింది ఇద్దరం. ఓనరు వరప్రసాదం గారు, నేను. గడియారస్తంభం వెనక ఎరువుల కొట్టు పైన రెండు గదులు, రెండు కంప్యూటర్లు, కింది నుంచి రోజంతా యూరియా వాసన.

కొత్త పని కాబట్టి ఒకసారి రాసి పెట్టుకుంటాను, లేకపోతే నాకే గుర్తుండదు. రెండో పంట దాళ్వాకి నీళ్ళు చాలక కాలవ ఒక వారం వదులుతున్నారు, ఒక వారం కడుతున్నారు. వదిలిన వారంలో ఎవరి చేనుకి ఏ రోజు, ఎన్ని గంటలకి తూము తీయాలో ఈ ప్రోగ్రాం లెక్కగట్టి కాగితం మీద అచ్చువేస్తుంది. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. కాలవ తల నుంచి శివారు దాకా పంచుకుంటూ పోతే ఆఖరి ఆరు గంటలు కొండయ్య గారనే ఆయనవి. ఆయన చేను దాటితే ఉప్పు నేలే.

ఆ కొండయ్య గారు మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చారు. మలికిపురం అవతల నుంచి రెండు బస్సులు మారి. చెప్పులు గుమ్మం బయటే విడిచారు, మేము చెప్పులతోనే తిరిగే ఆఫీసులో.

"శివారు కొండయ్యనండి. పోయిన వంతులో మాకు గంటే వచ్చిందండి. ఆరు రావాలండి."

"కాగితంలో ఎంత ఉందండీ?"

"కాగితంలోనే గంటండి. కంప్యూటరు తప్పు చెయ్యదంటారు కదండి. మా చేనే ఏదో తప్పు చేసుంటుందండి."

వెటకారం కాదు. నిజంగానే అలా అన్నారు. ఎకరం ముప్పావు వరి చేను. కంకి తీసే ముందు పొట్ట మీదకి వస్తోందట. ఇంకో రెండు మూడు వంతులు పోతే గడ్డే మిగులుతుందట. చూస్తానన్నాను.

11 ఫిబ్రవరి

దొరికింది ఒకటి. ప్రోగ్రాం మధ్యలో, ఏ సంబంధం లేని చోట నాగసతీష్ రాసిన లైను: రైతు కేశవరావు గారైతే ఆయన వంతు వర్జ్యంలో మొదలవకూడదు, వర్జ్యం వెళ్ళేదాకా ఆగాలి. దాని కింద ఈ ఏడాది వర్జ్యాలన్నీ పంచాంగం చూసి ఎక్కించాడు. పిల్లాడు కష్టపడ్డాడు, కాదనను.

కేశవరావు గారు నీటి సంఘం ప్రెసిడెంటు. అడిగుంటారు. ఇతను కాదనలేకపోయుంటాడు. ఆయన కోసం తూము ఆగిన ముప్పావు గంట చివర్నుంచి తెగుతుంది. చివర ఉన్నది కొండయ్య గారు.

మొహమాటం మీద మా అమ్మమ్మకి ఒక సామెత ఉంది. డైరీలో కూడా రాయలేను. నాకు ఆ జబ్బు లేదు కాబట్టి రాయవలసిన అవసరమూ లేదు.

12 ఫిబ్రవరి

రమణమ్మత్తయ్య ఫోను. మావయ్యకి మోకాళ్ళు బాగా పట్టేశాయట. చిన్న పని అడిగింది. అయిదు నిమిషాల్లో చేసేశాను. ఆదివారం రమ్మంది, రొయ్యల ఇగురు చేస్తుందట. ఇంటర్ రెండేళ్ళూ రాజోలు కాలేజీకి వాళ్ళింట్లోంచే వెళ్ళాను. ఒక్కరోజు క్యారేజీలో నిన్నటి కూర పెట్టలేదు.

13 ఫిబ్రవరి

మేము ప్రోగ్రాములు రాసుకునేది ఎక్లిప్స్‌లో. కంప్యూటరు పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉంటే వరప్రసాదం గారు ఎక్కించారు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే వెతుకులాట కిటికీ వస్తుంది. ఏ మాట కావాలో చెబితే వేల లైన్లలో అది ఎక్కడుందో చూపిస్తుంది, దొరికిన ప్రతి చోటా పక్కన చిన్న పసుపుపచ్చ బాణం పెడుతుంది. బాగానే ఉంది. కానీ దానికి మాట చెప్పాలి. ఎవరి పేరు చెప్పను? కాలవ మీద రెండొందల పైచిలుకు రైతులు. కొన్నిచోట్ల పేరుతో రాశాడు, కొన్నిచోట్ల చేను నంబరుతో, ఒకచోట "పెద్ద మేడ ఆయన" అని. పెద్ద మేడ ఆయన అని వెతకాలని నాకెలా తోస్తుంది?

నాకు కావలసింది మాట కాదు. అలవాటు. "అందరికీ ఒక రూలు, ఈయనకి మాత్రం ఇంకోటి" అని రాసిన చోట్లన్నీ కావాలి.

ఈ కిటికీకి మన సొంత వెతుకులాటలు కూడా తగిలించుకోవచ్చట. సహాయం పేజీల్లో ఉంది. ఉన్న ట్యాబుల పక్కన మన ట్యాబు ఒకటి. వరప్రసాదం గారికి చెబితే, "చెయ్యండమ్మా, కానీ వంతు కాగితం ఆగకూడదు సుమండీ" అన్నారు.

17 ఫిబ్రవరి

కేశవరావు గారింటికి వెళ్ళాను, రైతుల జాబితా అసలు కాపీ కోసం. ఆయన భార్య ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు. ఆరు తిన్నాను. వద్దనలేక కాదు, బాగున్నాయి.

మేము దేంట్లో పనిచేస్తామో కేశవరావు గారు అడిగారు. చెప్పాను.

"ఎక్లిప్స్ అంటే గ్రహణం కదండీ? గ్రహణం పేరు పెట్టుకున్నదాంట్లో నీళ్ళ వంతులు కడుతున్నారా మీరు?"

"పేరేదైనా పని చేస్తుందండి."

"ఆయ్, చేస్తుంది లెండి. మా వర్జ్యం సంగతి మాత్రం చూసుకోండమ్మా."

తల ఊపాను. ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

18 ఫిబ్రవరి

శివరాత్రి. సెలవు. మధ్యాహ్నం దాకా ఉపవాసం.

23 ఫిబ్రవరి, సోమవారం

కాలవ మళ్ళీ కట్టేశారు. కొండయ్య గారు వచ్చారు. ఈసారి నీళ్ళు అసలు రాలేదట.

"ఇదివరకు ఓ గంటైనా వచ్చేదండి. ఇప్పుడదీ లేదండి."

"పాతాయన రాసిన నిర్వాకమండి. పట్టుకునే పనిలోనే ఉన్నాను. వచ్చే వంతుకి మీ ఆరు గంటలూ మీకు వస్తాయి."

"ఆయ్. మీరు చూస్తున్నారు కదండి, అదే చాలండి."

నాగసతీష్ మీద ఎంత కోపం వచ్చిందో. నలుగురి దగ్గర మంచివాడు అనిపించుకోవడానికి అయిదోవాడి చేను ఎండబెట్టాడు.

26 ఫిబ్రవరి

వచ్చింది. నా ట్యాబు.

పదమూడు రోజులు. మొదట ట్యాబు వచ్చింది, దాంట్లో ఏమీ లేదు. తర్వాత ఏదో వచ్చింది, వెతుకు అనగానే ఎక్లిప్స్ మొత్తం చతికిలబడింది. నెట్ సెంటర్లో కూర్చుని ముక్కూ మొహం తెలియని ఎవరినో ఇంగ్లీషులో అడిగితే, ఫలానా ఫైల్లో ఒక పేరు తప్పు రాశావని జవాబు వచ్చింది. నిజమే, తప్పు రాశాను. ఇవాళ సాయంత్రం అయిదింటికి ట్యాబుల వరసలో చివర, ఇంగ్లీషు అక్షరాల్లో, "మొహమాటం". కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. కింది కొట్టాయన ఏమయిందో అని పైకొచ్చి చూసి వెళ్ళాడు.

రైతుల జాబితాలో ఉన్న ఏ పేరైనా, ఏ చేను నంబరైనా, మా ఆఫీసు వాళ్ళ పేర్లయినా సరే, జాబితాలో ఉండాల్సింది పోయి ప్రోగ్రాం లైన్లలో నేరుగా కనిపిస్తే పట్టుకుంటుంది. ముందు రెండు గీతలు పెట్టి పనిచేయకుండా పక్కన పెట్టిన లైన్లని కూడా వదలదు. దాచినా దొరకాలి కదా.

నా ఫోల్డరు మాత్రం వెతకొద్దని ఒక లైను రాశాను. అది నేను రాసుకున్నదే, అందులో వెతికేదేముంది. టైము ఆదా.

27 ఫిబ్రవరి

పదిహేడు బాణాలు.

కేశవరావు గారి వర్జ్యం ఒకటి. పూజారి గారికి పొద్దుటి వంతు వద్దని ఒకటి, అభిషేకాల టైమట. సాయిబాబు గారికి శనివారం తూము ముట్టకూడదని ఒకటి. ఒకాయన చేలో కొత్త బోరు వేసే రోజున ఒక్కసారికని రాసి, రెండేళ్ళయినా తీయనిది ఒకటి. అన్నీ కలిపితే అయిదు గంటలు. కొండయ్య గారికి మిగిలిన ఆ ఒక్క గంటతో లెక్క అతికినట్టు సరిపోయింది.

నాగసతీష్‌కి ఫోన్ చేశాను.

"పదిహేడు ఉన్నాయా అండీ?" అని తనే ఆశ్చర్యపోయాడు. "ఒక్కొక్కటీ చిన్నదే కదండీ. పెద్దవాళ్ళు ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి అడుగుతారు. ఎలా కాదంటామండీ?"

"నోటితో అంటారు. నాలుక అందుకే ఇచ్చాడు దేవుడు" అన్నాను. పెట్టేశాక చాలాసేపు హాయిగా ఉంది.

28 ఫిబ్రవరి

పదిహేడూ తీసేశాను. కేశవరావు గారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. "సరే లెండి, వర్జ్యంలోనే పారిద్దాం" అన్నారు. ఆయన గొంతులో నొప్పి తెలిసింది కానీ చెప్పేశాను. చూశారా, చెప్పచ్చు.

కాగితాలు అచ్చయ్యాయి. చివరి పేజీ ప్రింటర్లో ఇరుక్కుంటే లాగి, నలిగినదాన్ని అలాగే మడిచి కవర్లో పెట్టేశాను. చూసుకోవలసింది ఏముంది.

8 మార్చి, సోమవారం

రాలేదట. ఒక్క గంట కూడా.

కొండయ్య గారు ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు. నలిగిన చివరి పేజీ తెచ్చి బల్ల మీద చదును చేసి పెట్టారు. ఆయన పైనున్న పేరు దగ్గరే వారం అయిపోయింది. ఆయన పేరు ఎదురుగా ఖాళీ.

వరప్రసాదం గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "మీ వెతుకులాటలో అన్ని ఫైళ్ళూ చూసేరా అమ్మా?"

"నాగసతీష్‌వి అన్నీ చూశానండి."

"అన్నీ అంటున్నానమ్మా."

రేపు చూస్తానన్నాను.

9 మార్చి

నాగసతీష్ ఇంకా ఎక్కడో దాచి ఉంటాడు. రోజంతా వెతికాను. లేదు.

10 మార్చి

తలనొప్పి. తొందరగా వచ్చేశాను.

11 మార్చి

కొండయ్య గారి చేను చూసొచ్చాను. ప్రోగ్రాం రాసేవాళ్ళు చేను చూడాలి అని వరప్రసాదం గారికి చెప్పి వెళ్ళాను. అసలు కారణం అది కాదు, ఆఫీసులో కూర్చోలేకపోయాను.

సగం చేను తెల్లబడింది. గట్టు వైపు నేల బీటలు, నా చెయ్యి పట్టేంత. లోపలి సగం పల్లం, ఇంకా పచ్చగా ఉంది. మురుగు కాలవలో నీళ్ళున్నాయి కానీ ఉప్పన. పెడితే ఆ సగమూ పోతుంది. ఆయన కొబ్బరి చెట్టు నుంచి బొండాం దింపి కొట్టి చేతికిచ్చారు.

"తాగండి. దీనికి వంతులు లేవండి."

తాగాను.

"ఒక మాటండి. మొన్నటి వంతులో పైన అర్ధరాత్రి పూట ఆరు గంటలు నీళ్ళు ఎవరూ తిప్పుకోక మురుగులోకి పోయాయంటండి. కాలవ లాకు కాడ మనిషి చెప్పేడండి. ఎవరి వంతో మరి."

"ఏ ఊరి దగ్గరండీ?"

చెప్పారు. రమణమ్మత్తయ్య వాళ్ళ ఊరు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి బాగుంది.

12 మార్చి, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. నా ఫోల్డరు వెతకొద్దని రాసిన లైను తీసేయాలి. చెరపడానికి చెయ్యి రాలేదు. పదమూడు రోజుల కష్టం, అందులోది ఒక్క అక్షరమైనా పారేయాలంటే ప్రాణం ఒప్పలేదు. ముందు రెండు గీతలు పెట్టి పక్కకి నెట్టాను. ట్యాబు తెరిచాను. వెతుకు.

రెండు బాణాలు.

నాగసతీష్ పదిహేడు, ఇది పద్దెనిమిది. ఫిబ్రవరి పన్నెండున నా ఫోల్డర్లో నేను రాసింది: రైతు మావయ్య అయితే, వంతు రాత్రి పడితే, తెల్లారి ఆరింటిదాకా ఆగు. మావయ్య పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను, గౌరవంగా. అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా తూము తీసి ఉంటుంది, నీళ్ళు ఎవరికీ కావు. వెనకాల అందరూ ఆరు గంటలు జరుగుతారు. చివరి ఆరు గంటలు ఎవరివో పదో తారీఖునే రాసుకున్నాను, ఇదే డైరీలో.

నాగసతీష్ పదిహేడు మందికి కలిపి చేసినదాని కంటే నేను ఒక్కరికి చేసింది ఎక్కువ.

పంతొమ్మిదో బాణం వెతుకులాటలోనే ఉంది. నేను గీతలు పెట్టి పక్కకి నెట్టిన లైను. అందులో ఉన్న పేరు, నా ఫోల్డరు పేరు, కనకం. దాచినా దొరకాలని నేనే రాశాను, దొరికింది.

ఏడ్చాను. ఎరువుల కొట్టాయన మళ్ళీ పైకొచ్చి చూసి వెళ్ళాడు. తర్వాత రెండు లైన్లూ చెరిపేశాను, ఈసారి గీతలు కాదు. వరప్రసాదం గారు రాగానే చెప్పాను. ఆయన విని, టీ తెప్పించి, "గురివింద గింజకి తన నలుపు కనపడదమ్మా. ఇప్పుడు మీకు కనపడింది కదా. అత్తయ్య గారికి మీరే చెప్పండి" అన్నారు.

ఫోన్ ముందు గంట కూర్చున్నాను. నాలుక దేవుడు నాగసతీష్‌కి ఎందుకిచ్చాడో తెలిసిన దానిని, నాకెందుకిచ్చాడో మర్చిపోయాను.

"అత్తయ్యా, మావయ్య వంతు మళ్ళీ రాత్రికే వస్తుంది. నేను చేసింది తీసేశాను. దానివల్ల శివారులో ఒకాయన చేను ఎండిపోయింది."

"సరేలే" అంది. పెట్టేసింది.

రెండేళ్ళు క్యారేజీ కట్టిన మనిషి.

13 మార్చి

అత్తయ్యే ఫోన్ చేసింది.

"పక్క చేను వీరబాబుతో మార్చుకున్నామే. ఆయన పగలంతా కొబ్బరి దింపుకి పోతాడు, రాత్రి వంతే నయమన్నాడు. ఆయన రాత్రి పెట్టుకుంటాడు, మీ మావయ్య పొద్దున్న. ఒక్క మాట అడిగితే అయిపోయే పనే. ఆ మాట అడగడానికి మొహమాటపడి నిన్నడిగేనే."

మాది ఆ వంశమే అన్నమాట. ఉగాదికి రమ్మంది. వెళ్తాను.

కొండయ్య గారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

15 మార్చి

కాలవ వదిలారు. శనివారమే కాగితాలు అచ్చువేశాను. ఈసారి చివరి పేజీ ముందు చూశాను. ఆదివారం అర్ధరాత్రి పన్నెండు నుంచి సోమవారం పొద్దున్న ఆరు దాకా, కొండయ్య. మూడుసార్లు చూశాను.

21 మార్చి, ఆదివారం

ఉగాది. పచ్చడి, పంచాంగం. నా రాశికి అవమానం మూడుట. తక్కువే చెప్పారు.

అత్తయ్య ఇంట్లో రొయ్యల ఇగురు. మావయ్య గురువారం పొద్దున్న తాపీగా నీళ్ళు పెట్టుకున్నారట. వీరబాబు రాత్రి పెట్టుకున్నాడట. చుక్క కూడా మురుగులోకి పోలేదు. ఇవాళ అర్ధరాత్రి కొండయ్య గారి వంతు.

22 మార్చి, సోమవారం

పదకొండింటికి మెట్ల మీద చప్పుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, భుజం మీద చక్రకేళి గెలతో కొండయ్య గారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా చేలోనే ఉన్నారట. పంచె అంచుకి బురద ఇంకా తడిగానే ఉంది.

"నీళ్ళు వచ్చేయండి. ఆరు గంటలూ వచ్చేయండి. లోపలి సగం నిలబడుతుందండి. తెల్లబడిన సగం పోయినట్టేనండి. ఆ సగమైనా మీ వల్లే నిలబడిందండి."

గెల బల్ల మీద పెట్టారు. వరప్రసాదం గారు నా వైపు చూడకుండా పేపరు చదువుతున్నారు.

"కొండయ్య గారూ, నా వల్ల నిలబడలేదండి. నా వల్ల పోయింది. పాతాయన మీ అయిదు గంటలు తీశాడు, నేను ఆరు తీశాను. మా మావయ్య కోసం. రెండు వంతులు మీకు అసలు రాకపోవడం నా పనే. పాతాయన మీద పెట్టి మీతో అబద్ధం చెప్పాను. అప్పుడు అబద్ధమని నాకు తెలియదు, కానీ అబద్ధమే."

ఆయన నిలబడే విన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తువాలు తీసి మొహం తుడుచుకున్నారు, మళ్ళీ భుజాన వేసుకున్నారు.

"మావయ్య గారికి ఒంట్లో బాలేదాండి?"

"మోకాళ్ళండి."

"మోకాళ్ళు చెడ్డవండి" అన్నారు. గెల మీద చెయ్యి వేసి మళ్ళీ అన్నారు. "సగం చేనండి అది. ఏడాది గింజలండి."

"అవునండి."

కింద ఎవరో బస్తాలు దింపుతున్న చప్పుడు. ఆయన తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"అయితే అమ్మగారూ, వచ్చే దాళ్వాకి మా పేరు కాస్త ముందుకి పెడతారాండి? ఒక్క రెండు గంటలు ముందుకి. శివారు కదండి, భయమండి."

ఈ కాలవ మీద రెండొందల మందిలో అడిగే హక్కు ఎవరికైనా ఉంటే ఈయనకే ఉంది. లైను ఎక్కడ రాయాలో కూడా కళ్ళ ముందు కనపడింది. అయిదు నిమిషాల పని.

"పెట్టనండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మీ ఆరు గంటలు మీకు వస్తాయండి. చివరి పేజీ నేను చూడకుండా కవర్లో పెట్టను. కానీ ముందుకి పెట్టనండి, మీకైనా."

"ఎవరికీ పెట్టరాండి?"

"ఎవరికీ పెట్టనండి."

"ఆయ్" అన్నారు కొండయ్య గారు. చెప్పులు తొడుక్కున్నారు. రెండు మెట్లు దిగి మళ్ళీ పైకొచ్చారు. బల్ల దగ్గరికి వచ్చి, గెల నుంచి రెండు అత్తాల పళ్ళు తెంపి, మిగతా గెల భుజాన వేసుకున్నారు. "ఇవి ఉంచుకోండి. మిగతావి కేశవరావు గారికి ఇస్తానండి. ఆయనా వర్జ్యంలోనే నీళ్ళు పెట్టుకున్నారట కదండి" అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

వరప్రసాదం గారు పేపరు మడిచి ఒక పండు తీసుకున్నారు. నేను కంట్రోల్, హెచ్ నొక్కి మొహమాటం తెరిచి, అన్ని ఫోల్డర్లూ పెట్టి, వెతుకు అన్నాను. సున్నా. రేపు పొద్దున్న రాగానే మళ్ళీ నొక్కాలి. ఎల్లుండి కూడా.